ఫెండర్ అనే పాత ఆంగ్ల పదం: అర్థాలు, వాడుకలు – తరచుగా అడిగే ప్రశ్నలు

ఓడరేవు టెండరు కాగితాల్లో, కారు రిపేరు అంచనాలో, వందేళ్ల నాటి ఆంగ్ల నవలలో, గిటారు తల మీద ఒకే మాట కనిపిస్తుంది: ఫెండర్. నాలుగు చోట్లా దాని అర్థం ఒకటి కాదు. ఈ మాటను చదివేటప్పుడు, అనువదించేటప్పుడు, వర్క్‌షాపులో వినేటప్పుడు తెలుగువారికి కలిగే సందేహాలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము.

ఫెండర్ అంటే క్లుప్తంగా ఏమిటి?

దెబ్బ కానీ, నిప్పురవ్వ కానీ, బురద కానీ వచ్చి పడేచోట మధ్యలో నిలిచి, దానిని తాను తీసుకుని, వెనక ఉన్న విలువైన వస్తువుకో మనిషికో తగలకుండా చేసే అడ్డు ఫెండర్. ఓడ పక్కన వేలాడదీసే దిండు, పొయ్యి ముందు పెట్టే ఇత్తడి అంచు, చక్రం మీది రేకు, వంతెన స్తంభం చుట్టూ కట్టిన రక్షణ, వీటన్నిటికీ ఆంగ్లంలో ఇదే పేరు. అయితే పని ఒకటే అయినా వస్తువులు ఒకదానికొకటి ఏమాత్రం పోలిక లేనివి. అందువల్ల మాట్లాడుతున్నది ఏ వృత్తివారో తెలియకుండా ఈ మాటకు అర్థం చెప్పబూనడం ప్రమాదకరం. నిఘంటువులో కనిపించిన మొదటి అర్థాన్ని తీసుకుని ముందుకు పోయేవారే ఎక్కువగా పొరపడతారు.

ఈ మాట ఎక్కడి నుంచి వచ్చింది? డిఫెండర్ అనే మాటతో దీనికి సంబంధం ఉందా?

ఉంది, డిఫెండర్ అనే మాటే తల తెగి ఫెండర్ అయింది. మొదటి అక్షరం మీద ఊనిక లేనప్పుడు అది క్రమంగా జారిపోవడం ఆంగ్లంలో మామూలు. డిఫెండ్ నుంచి ఫెండ్, డిఫెన్స్ నుంచి ఫెన్స్ అలాగే పుట్టాయి. మన ఊళ్లలో కొత్తగా కొన్న స్థలం చుట్టూ వేయించే ఫెన్సింగ్‌కూ, ఒలింపిక్ పోటీలలోని కత్తిసాము ఫెన్సింగ్‌కూ మూలం ఆ ఫెన్స్ అనే మాటే. ఒకటి భూమిని కాపాడుతుంది, మరొకటి మొదట్లో కత్తి దెబ్బ నుంచి ఒంటిని కాచుకునే విద్య.

ఇంకా వెనక్కు వెళితే లాటిన్‌లో డిఫెండెరె అనే క్రియ ఉంది. అందులో ‘డి’ అంటే దూరంగా. ‘ఫెండెరె’ అంటే కొట్టడం. వచ్చినదానిని కొట్టి దూరం చేయడం అని మొత్తం అర్థం. ఆ ఫెండెరె లాటిన్‌లో విడిగా కనిపించదు, ఉపసర్గలతో కలిసే కనిపిస్తుంది. మరో ఉపసర్గ చేరినప్పుడు వచ్చినదే అఫెండ్, అంటే పోయి కొట్టుకోవడం, నొప్పించడం. తెలుగు పాఠకులకు ఆసక్తి కలిగించే విషయం ఇక్కడే ఉంది. ఈ ఫెండెరెకు మూలమైన ఇండో-యూరోపియన్ ధాతువూ, సంస్కృతంలోని ‘హన్’ ధాతువూ ఒకటే. హత్య, హంతకుడు అనే మాటలు, శత్రుఘ్నుడు, కృతఘ్నుడు అనేవాటి చివర ఉన్న ‘ఘ్న’ ఆ ధాతువు నుంచి వచ్చినవే. కాబట్టి కారు ఫెండరూ శత్రుఘ్నుడి పేరూ చాలా దూరపు చుట్టాలు అనడంలో అతిశయోక్తి లేదు.

మొదట ఏ వస్తువును ఈ పేరుతో పిలిచారు?

ఓడలకు సంబంధించిన అర్థమే పాతది. మధ్యయుగాల చివరి నాటి ఆంగ్లంలోనే, ఓడ పక్కలు రేవు గోడకు రాసుకోకుండా వేలాడదీసే వస్తువుకు ఈ పేరు ఉండేది. పాత తాళ్లను పేనిన కట్టలు, కొయ్య దుంగలు, బెండు నింపిన సంచులు ఆ రోజుల ఫెండర్లు. పొయ్యి ముందు పెట్టే చట్రానికి ఈ పేరు పదిహేడో శతాబ్దపు చివర వచ్చింది. మోటారు వాహనానికి చేరింది ఇరవయ్యో శతాబ్దంలో, అదీ అమెరికా ఆంగ్లంలో.

ఓడ రేవు గోడను మెల్లగానే తాకుతుంది కదా, అంత పెద్ద ఫెండర్లు ఎందుకు?

మెల్లగా తాకేది వేగం మాత్రమే. బరువు మెల్లగా ఉండదు. సరుకుతో కలిపి 50,000 టన్నులు తూగే ఓడ సెకనుకు 10 సెంటీమీటర్ల వేగంతో బెర్తును, అంటే రేవులో ఓడను నిలిపే గట్టును, తాకిందనుకుందాము. అది చీమ నడక వంటిదే. అయినా బరువులో సగాన్ని వేగపు వర్గంతో గుణిస్తే వచ్చే శక్తి 250 కిలోజౌళ్లు. ఒకటిన్నర టన్నుల కారు గంటకు 65 కిలోమీటర్ల వేగంతో వెళ్లి గోడను ఢీకొంటే విడుదలయ్యే శక్తి దాదాపు అంతే ఉంటుంది. ఓడ వేగం సెకనుకు 20 సెంటీమీటర్లయితే ఆ లెక్క రెట్టింపు కాదు, నాలుగు రెట్లయి 1,000 కిలోజౌళ్లకు చేరుతుంది. ఓడను రేవులోకి నడిపించే పైలట్లు, దానిని నెట్టే చిన్న నౌకలైన టగ్గుల నావికులు చివరి కొన్ని మీటర్ల దగ్గర అంత ఓపికగా ఉండడానికి కారణం ఈ వర్గం లెక్కే.

అసలు రూపకల్పనలో ఈ సంఖ్యను మరికొన్ని గుణకాలతో సవరిస్తారు. ఓడ కదిలినప్పుడు దానితోపాటు కొంత నీరు కూడా కదులుతుంది కాబట్టి ఆ నీటి బరువును కలుపుతారు. ఓడ సాధారణంగా నిలువునా కాకుండా ఒక కొసతో ముందు తాకి, అక్కడి నుంచి తిరుగుతూ సర్దుకుంటుంది కాబట్టి శక్తిలో కొంత భాగం ఆ తిరగడంలో పోతుంది, దానిని తీసివేస్తారు. గాలి, ప్రవాహం, ఇంజను మొరాయింపు వంటి అనుకోని సందర్భాల కోసం అదనపు భద్రత కలుపుతారు. ఓడరేవుల నిర్మాణానికి సంబంధించిన అంతర్జాతీయ సంస్థ పియాంక్ 2002లో ప్రచురించిన మార్గదర్శకాలను ఈ రంగంలోని ఇంజనీర్లు చాలాకాలం ప్రమాణంగా తీసుకున్నారు.

శక్తిని పీల్చుకుంటే సరిపోదు. ఫెండర్ ఎంత గట్టిగా తిరిగి నెడుతుందన్నది కూడా ముఖ్యం. ఆ ప్రతిబలాన్ని ఒకవైపు బెర్తు కాంక్రీటు, మరోవైపు ఓడ పక్క రేకు భరించాలి. పెద్ద చమురు ఓడల పక్కలు వాటి పరిమాణానికి తగినంత గట్టివేమీ కావు. ఒకేచోట ఒత్తిడి పడితే రేకు లోపలికి పోతుంది. అందుకే రబ్బరు ఫెండర్ ముందు వెడల్పాటి ఉక్కు చట్రాన్ని బిగించి, దాని మీద జారుడు గుణం గల ప్లాస్టిక్ పలకలు పరుస్తారు. ఓడ కెరటాలకు పైకీ కిందికీ ఊగినప్పుడు రబ్బరు చీలిపోకుండా ఆ పలకలు కాపాడతాయి. తక్కువ ప్రతిబలంతో ఎక్కువ శక్తిని మింగేది మంచి ఫెండర్. శంకువు ఆకారంలోని రబ్బరు ఫెండర్లు తమ ఎత్తులో సగానికి పైగా నలిగి మళ్లీ లేచి నిలుస్తాయి. కవచానికీ ఫెండర్‌కూ ఉన్న తేడా ఇదే: కవచం లొంగకూడదు, ఇది లొంగడానికే తయారైనది.

నీటిలో తేలే పెద్ద నల్లటి గొట్టాల వంటి ఫెండర్లు ఏమిటి?

అవి గాలి నింపిన రబ్బరు ఫెండర్లు. జపాన్‌లోని యోకోహామా రబ్బర్ సంస్థ వీటిని 1958లో తయారు చేసింది, అందువల్ల ఇతర సంస్థలు చేసినవాటిని కూడా నావికులు యోకోహామాలనే పిలుస్తారు. అంతకు ముందు తిమింగలాల వేట నౌకలు నడిసముద్రంలో ఒకదాని పక్కన మరొకటి నిలవవలసి వచ్చినప్పుడు, చంపిన తిమింగలాల కళేబరాలనే మధ్యలో అడ్డుగా వాడేవి. చదవడానికి జుగుప్సగా ఉన్నా ఈ వస్తువు చరిత్ర అలా మొదలైంది.

వీటిలో నింపే గాలి ఒత్తిడి సాధారణంగా 50 లేదా 80 కిలోపాస్కల్‌లు మాత్రమే, అంటే కారు టైరులో ఉండేదానిలో సగం కూడా కాదు. ఓడ నొక్కినప్పుడు లోపలి గాలి కుదించుకుపోయి ఒత్తిడి పెరుగుతుంది. ఓడ తప్పుకోగానే యథాస్థితికి వస్తుంది. వీటి తయారీకి, పరీక్షకు ఐఎస్ఓ 17357 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. సముద్రం మధ్యలో ఒక చమురు ఓడ నుంచి మరొక ఓడకు సరుకు మార్చే పనికి ఇవి తప్పనిసరి. జలాంతర్గామి వంటి వాటి గుండ్రటి ఒళ్లు నీటి మట్టానికి కింద వెడల్పుగా ఉంటుంది కాబట్టి, కొంత నీరు, కొంత గాలి నింపి నిలువుగా వేలాడదీసే మరో రకాన్ని వాటికి వాడతారు.

మన చేపల రేవుల్లో మరపడవలకు పాత లారీ టైర్లు కడతారు. అవి కూడా ఫెండర్లేనా?

సందేహం లేదు, అవీ ఫెండర్లే. విశాఖపట్నం చేపల రేవులోనో కాకినాడలోనో ఒకదానికొకటి ఆనుకుని నిలిచిన మరపడవల పక్కన వేలాడే టైర్లు చేసే పని, లక్షల రూపాయల రబ్బరు శంకువు చేసే పనే. టైరు చవక, ఎక్కడైనా దొరుకుతుంది, ఏళ్ల తరబడి ఎండను ఓర్చుకుంటుంది. ప్రతికూలతలూ ఉన్నాయి: పడవ రంగు మీద నల్లటి మరకలు పడతాయి, లోపల నీరు నిలుస్తుంది, తాడు తెగితే టైరు రేవు అడుగున చేరి అక్కడే ఉండిపోతుంది. టగ్గుల ముక్కుకు బిగించే మందపాటి రబ్బరును కూడా ఫెండర్ అనే అంటారు. ఓడను నెట్టడమే టగ్గు పని కాబట్టి ఆ ముక్కు ఎప్పుడూ ఏదో ఒక ఓడ పక్కన ఒరుసుకుంటూనే ఉంటుంది. 1933లో ప్రారంభమైన విశాఖ లోపలి నౌకాశ్రయానికి దారి ఇరుకైన కాలువ కావడం వల్ల అక్కడ టగ్గుల అవసరాన్ని ఎవరైనా ఒడ్డున నిలబడి చూడవచ్చు.

విహార నౌకల లోకంలో ఒక మర్యాద ఉంది. రేవు వదలగానే ఫెండర్లను పైకి లాగి లోపల పెట్టుకోవాలి. వాటిని వేలాడదీసుకునే సముద్రంలోకి పోయేవారిని కొత్తవారిగా లెక్కకడతారు. అమెరికాలో కొందరు పడవ ఫెండర్‌ను బంపర్ అనడం కూడా పాత నావికులకు నచ్చదు.

వంతెనలకు ఫెండర్లు ఉంటాయని విన్నాము. అవి ఏమి చేస్తాయి?

ఓడలు తిరిగే జలమార్గం మీద కట్టిన వంతెన స్తంభాలకు ఓడ తగిలితే పోయేది ఓడ మాత్రమే కాదు. అందుకే స్తంభం చుట్టూ కొయ్యతోనో ఉక్కుతోనో రబ్బరుతోనో ఒక అడ్డు కడతారు. దీనికి దూరంగా నీటిలో విడిగా నిలబెట్టే బలమైన దిమ్మెలను డాల్ఫిన్లు అంటారు. వాటికి డాల్ఫిన్ అనే సముద్ర జంతువుతో కానీ విశాఖలోని డాల్ఫిన్స్ నోస్ కొండతో కానీ సంబంధం లేదు. ఫెండర్ స్తంభాన్ని అంటిపెట్టుకుని చిన్న ఓడల తాకిడిని, పక్కనుంచి రాసుకుపోయే దెబ్బను తీసుకుంటుంది. డాల్ఫిన్ దారి తప్పిన పెద్ద ఓడను స్తంభం దాకా రానివ్వకుండా ఆపాలి.

1980 మే 9న అమెరికాలోని ఫ్లోరిడాలో సమ్మిట్ వెంచర్ అనే ఓడ తుపాను గాలిలో సన్‌షైన్ స్కైవే వంతెన స్తంభాన్ని ఢీకొనగా వంతెన భాగం కూలి 35 మంది మరణించారు. 1987లో దాని స్థానంలో ప్రారంభమైన కొత్త వంతెన స్తంభాల చుట్టూ పెద్ద డాల్ఫిన్లను కట్టారు. 2024 మార్చి 26న బాల్టిమోర్‌లో డాలి అనే కంటెయినర్ ఓడ విద్యుత్తు పోయి అదుపు తప్పి ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెనను కూల్చింది. రోడ్డు మరమ్మతు చేస్తున్న ఆరుగురు కార్మికులు చనిపోయారు. ఆ ఓడ సిబ్బందిలో అత్యధికులు భారతీయులు కావడం వల్ల ఆ వార్త మన పత్రికల్లోనూ చాలా రోజులు నడిచింది. ఆ వంతెన 1977 నాటిది. అప్పటి ఓడలను దృష్టిలో పెట్టుకుని కట్టిన రక్షణ, దాదాపు 300 మీటర్ల పొడవైన ఈనాటి ఓడ ముందు నిలవలేదు. ఫెండర్‌ను ఒకసారి కట్టి వదిలేసే వస్తువుగా కాకుండా, దారిన పోయే ఓడలు పెరిగినప్పుడల్లా మళ్లీ లెక్క వేయవలసినదిగా చూడాలని ఇంజనీర్లు చెప్పేది ఇందుకే.

పాత ఆంగ్ల నవలల్లో పాత్రలు ఫెండర్ మీద కాళ్లు పెట్టుకుని కూర్చుంటాయి. అది ఏ ఫెండర్?

అది పొయ్యి ముందు ఉండే ఫెండర్. ఇంగ్లండు ఇళ్లలో చలి కాచుకునే పొయ్యి గోడలోనే ఉండేది. అందులో బొగ్గులు మండుతూ ఒక్కోసారి జారి గదిలోకి దొర్లేవి. కింద కొయ్య నేల, దాని మీద తివాచీ. దొర్లిన బొగ్గు వాటి మీదికి రాకుండా పొయ్యి అరుగు అంచున పెట్టే, అడుగు ఎత్తుకు మించని లోహపు చట్రమే ఫెండర్. ఇనుము, ఉక్కు, ఇత్తడితో చేసేవారు; పద్దెనిమిదో శతాబ్దపు ఇత్తడి ఫెండర్లలో చిల్లులు చెక్కిన నగిషీ పని చూడదగినది. నిప్పు ఎగదోసే కడ్డీని, పట్టకారును, పారను దానికి ఆనించి పెట్టేవారు. బూట్లు తడిసి వచ్చినవారు కాళ్లు దాని మీద ఆనించి వెచ్చబెట్టుకునేవారు.

దీనికే తోలు దిండ్లు కుట్టి కూర్చోవడానికి వీలుగా చేసినది క్లబ్ ఫెండర్. పెద్దమనుషుల క్లబ్బుల్లో, వేట బంగళాల్లో అది కనిపించేది. రవ్వలు ఎగిరిపడకుండా పొయ్యి మొత్తాన్ని కప్పే జాలీ తెర వేరు. దానిని ఫైర్‌గార్డ్ అంటారు. ఫెండర్ దొర్లేదానిని ఆపుతుంది, ఫైర్‌గార్డ్ ఎగిరేదానిని ఆపుతుంది; పసిపిల్లలున్న ఇంట్లో ఫెండర్ ఒక్కటే చాలదు.

1952 డిసెంబరులో లండన్‌ను కమ్మేసిన పొగమంచు తర్వాత, 1956లో వచ్చిన స్వచ్ఛవాయు చట్టం పట్టణాల్లో పొగ వచ్చే బొగ్గును కట్టడి చేసింది. గ్యాసు, విద్యుత్తు, వేడినీటి గొట్టాలు వచ్చాక ఫెండర్లు పురావస్తువుల దుకాణాలకు చేరాయి. మన దగ్గర కుంపటి గదిలో పెట్టుకునే ఆచారం ఉన్నా, గోడలో పొయ్యి మన ఇంటి కట్టడంలో లేదు. అందువల్ల ఈ అర్థానికి తెలుగులో సిద్ధంగా ఉన్న మాట లేదు. అనువాదకులు ‘పొయ్యి ముందరి ఇత్తడి అంచు’ అనో ‘చలిపొయ్యి చట్రం’ అనో వివరించి రాస్తే పాఠకుడికి బొమ్మ కడుతుంది. ఊరికే ఫెండర్ అని రాస్తే చదివేవాడికి గదిలోకి కారు వచ్చినట్టు ఉంటుంది.

ఫెండర్ వాల్ అంటే కూడా ఇదేనా?

దీనికి సంబంధించినదే. కొయ్య నేల ఉన్న ఇళ్లలో పొయ్యి అరుగు బరువును మోయడానికి, అరుగు కింద నింపిన రాళ్లను పట్టి ఉంచడానికి నేల కింద కట్టే పొట్టి ఇటుక గోడను ఫెండర్ వాల్ అంటారు. సివిల్ ఇంజనీరింగు పాత పాఠ్యపుస్తకాలు చదివేవారికి తప్ప ఇప్పుడు దీనితో పని పడదు.

కారులో ఫెండర్ ఏ భాగం? బంపర్, మడ్‌గార్డ్, వింగ్ అనేవాటికి తేడా ఏమిటి?

ముందు తలుపుకూ ముందు బంపర్‌కూ మధ్య, ముందు చక్రం మీద వంపు తిరిగి, పైన బానెట్ అంచు దాకా ఉండే పక్క రేకు ఫెండర్. బంపర్ కారుకు ముందూ వెనకా అడ్డంగా ఉంటుంది, తాకిడిని తీసుకోవడం దాని పని. ఫెండర్ అసలు పని చక్రం చిమ్మే బురదను, రాళ్లను ఆపడం, చక్రానికి ఎవరూ తగలకుండా చూడడం. ఆ అర్థంలో ఫెండర్ కారును రక్షించే దానికంటే, కారులో ఉన్నవారినీ దారిన పోయేవారినీ చక్రం నుంచి రక్షించేదే ఎక్కువ.

దీనినే బ్రిటన్‌లో వింగ్ అంటారు. తలుపుకు బిగించిన అద్దాన్ని కూడా బ్రిటిష్‌వారు ఇప్పటికీ వింగ్ మిర్రర్ అనడానికి కారణం, ఒకప్పుడు అది ఈ రేకు మీదే ఉండేది. సైకిలు దగ్గరకు వచ్చేసరికి బ్రిటన్‌లో మడ్‌గార్డ్, అమెరికాలో మళ్లీ ఫెండరే. మన దేశంలో రెండు దేశాల మాటలూ కలిసిపోయాయి: సైకిలుకు, మోటార్ సైకిలుకు మడ్‌గార్డ్ అంటాము, కారు దగ్గర బ్రిటిష్ బానెట్ పక్కనే అమెరికన్ ఫెండర్ ఉంటుంది. టింకరింగ్ షాపుల్లో పాత మేస్త్రీలు కొందరు కారు ఫెండర్‌ను కూడా మడ్‌గార్డ్ అనే అంటారు, అది తప్పేమీ కాదు.

తొలినాటి కార్లలో ఫెండర్ శరీరానికి విడిగా, చక్రం మీద గొడుగులా నిలిచేది. తర్వాత ఉబ్బెత్తుగా శరీరానికి అతుక్కుంది. రెండో ప్రపంచ యుద్ధం తరువాతి సంవత్సరాలలో ముందు ఫెండరూ, తలుపూ, వెనక భాగమూ కలిసి ఒకే సాపు పక్కగా మారిపోయాయి. మన రోడ్ల మీద 2014 వరకు తయారైన అంబాసిడర్‌ను చూసినవారికి ఫెండర్ ఉబ్బు శరీరంలో సగం కలిసి సగం మిగిలిన ఆ మధ్య దశ ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పటి కార్లలో రేకు ఫెండర్ లోపలి వైపు చక్రం చుట్టూ నల్లటి ప్లాస్టిక్ కవచం ఉంటుంది. దానిని ఫెండర్ లైనర్ అంటారు. వానాకాలంలో గుంతల రోడ్ల మీద క్లిప్పులు ఊడి టైరుకు రాసుకుని గరగర శబ్దం చేసేది చాలాసార్లు అదే.

వాడిన కారు కొనేటప్పుడు ఫెండర్ బోల్టులు చూడమంటారు. ఎందుకు?

ముందు ఫెండర్‌ను బోల్టులతో బిగిస్తారు. వెనక చక్రం మీది రేకును, అంటే క్వార్టర్ ప్యానెల్‌ను, శరీరానికి వెల్డింగ్ చేస్తారు. కంపెనీలో రంగు వేసేటప్పటికే ఫెండర్ బిగించి ఉంటుంది కాబట్టి బోల్టు తలల మీద కూడా కారు రంగే చెదరకుండా ఉంటుంది. బానెట్ ఎత్తి చూసినప్పుడు ఆ తలల మీద రంగు రేగి, పానా పట్టిన గుర్తులుంటే ఫెండర్‌ను ఒకసారి విప్పారని అర్థం.

అయితే విప్పినంత మాత్రాన కారుకు పెద్ద ప్రమాదం జరిగిందని తీర్పు చెప్పడం తొందరపాటు. సందులో గోడకు గీసుకున్నా ఫెండర్ మారుస్తారు. బోల్టులతో ఉంది కాబట్టి మార్చడమే సులువు. ఆందోళన పడవలసింది దాని వెనక ఉన్న ఏప్రాన్ అనే లోపలి రేకు, ముందు చాసిస్ కొమ్ములు నలిగి సరిచేసిన గుర్తులు కనిపించినప్పుడు. బేరమాడేవారు మాత్రం రెండు సందర్భాల్లోనూ ధర తగ్గించమనే అడుగుతారు, అది వేరే సంగతి.

ఇన్సూరెన్స్ క్లెయిములో ఫెండర్‌కూ బంపర్‌కూ వేరు వేరుగా ఎందుకు కోత వేస్తారు?

కోత భాగం పేరును బట్టి కాదు, అది దేనితో చేసిందన్న దానిని బట్టి ఉంటుంది. మన దేశంలోని మామూలు సమగ్ర మోటారు పాలసీలో రబ్బరు, నైలాన్, ప్లాస్టిక్ భాగాలకు కారు వయసుతో సంబంధం లేకుండా 50 శాతం తరుగుదల తీసివేస్తారు. లోహ భాగాలకు కారు వయసును బట్టి ఉంటుంది: ఆరు నెలల లోపు ఏమీ ఉండదు, ఏడాది లోపు 5 శాతం, రెండేళ్ల లోపు 10 శాతం, అలా పెరుగుతూ పోతుంది. అందువల్ల ఏడాదిన్నర కారుకు ఒకే దెబ్బకు ఉక్కు ఫెండర్, ప్లాస్టిక్ బంపర్, ఫెండర్ లైనర్ మూడూ పోతే, ఫెండర్ ధరలో 10 శాతం, మిగిలిన రెండింటి ధరలో సగం యజమాని నెత్తిన పడతాయి. తరుగుదల లేని అదనపు కవరు తీసుకున్నవారికి ఈ కోత ఉండదు. కొన్ని కార్లలో ఫెండర్ కూడా ప్లాస్టిక్‌దే కాబట్టి, అంచనా కాగితం మీద సంతకం పెట్టే ముందు ఏ భాగాన్ని ఏ వర్గంలో చూపించారో అడిగి తెలుసుకోవడం మంచిది.

మోటార్ సైకిలుకు ఉండే శారీ గార్డ్ ఫెండర్ కిందికి వస్తుందా?

పని పోలికను బట్టి చూస్తే వస్తుంది. పేరును బట్టి రాదు. వెనక కూర్చున్నవారి బట్టలు చక్రంలో చిక్కుకోకుండా వెనక చక్రంలో కనీసం సగాన్ని కప్పే రక్షణ ఉండాలని 1989 కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 123వ నియమం చెబుతుంది. పట్టుకోవడానికి పిడి, కాలు పెట్టుకోవడానికి ఆధారం ఉండాలని కూడా అదే నియమం అంటుంది. చీర చెంగు, చున్నీ చక్రంలో పడి జరిగే ప్రమాదాలు మనకు కొత్త కావు. బండి అందం చెడుతుందని కొనగానే దానిని ఊడదీయించే కుర్రవాళ్లను చూస్తే, వెనక సీటు మీద ఎవరు కూర్చుంటారని వారు అనుకుంటున్నారో అర్థం కాదు.

బుల్ బార్ కూడా రక్షణ కోసమే కదా, దానిని ఎందుకు వద్దంటున్నారు?

బుల్ బార్ అంటే కారు ముందు అదనంగా బిగించే లోహపు కడ్డీల చట్రం. అది ఫెండర్ కాదు, కాకపోవడమే దానితో ఉన్న ఇబ్బంది. ఫెండరూ, ఈనాటి బంపరూ నలిగి శక్తిని మింగుతాయి. బుల్ బార్ నలగదు. చాసిస్‌కు గట్టిగా బిగించి ఉండడం వల్ల దెబ్బను నేరుగా లోపలికి పంపుతుంది, ఎదురుగా ఉన్న పాదచారి శరీరానికైతే అసలు దయ చూపదు. గాలి సంచులు సరైన క్షణంలో తెరుచుకోవడానికి కూడా అది అడ్డం రావచ్చు. కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ 2017 డిసెంబరులో రాష్ట్రాలకు లేఖ రాస్తూ, వీటిని బిగించడం 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్‌కు విరుద్ధమని పేర్కొంది.

ఫెండర్ మిర్రర్, ఫెండర్ బెండర్ అంటే?

ఫెండర్ మిర్రర్ అంటే తలుపుకు కాకుండా ముందు ఫెండర్ మీద నిలబెట్టిన అద్దం. జపాన్‌లో 1983 వరకు దేశంలో అమ్మే కార్లకు అద్దాలు అక్కడే ఉండాలన్న నిబంధన ఉండేది. డ్రైవరు మెడ తిప్పకుండా చూడగలగడం దాని లాభం.

ఫెండర్ బెండర్ అమెరికాలో పుట్టిన జంటమాట. ఫెండర్ వంగేంత చిన్న ప్రమాదం, మనుషులకు ఏమీ కానిది అని భావం. అమెరికాలో ఉన్న పిల్లలు ఫోనులో ఈ మాట అంటే ఇక్కడి తల్లిదండ్రులు కంగారు పడనవసరం లేదు.

రైళ్లకు, ట్రాములకు కూడా ఫెండర్లు ఉండేవా?

ట్రాములకు ఉండేవి. పంతొమ్మిదో శతాబ్దపు చివరి దశకంలో అమెరికా నగరాల్లో గుర్రపు ట్రాముల స్థానంలో విద్యుత్ ట్రాములు వచ్చి, వాటి వేగానికి అలవాటు పడని జనం చక్రాల కింద పడసాగారు. అప్పుడు ట్రాము ముందు వల వంటి, పళ్లెం వంటి ఫెండర్లు కట్టారు. కింద పడిన మనిషిని చక్రం దాకా పోనివ్వకుండా ఎత్తి పట్టడం వాటి పని. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ వాసులకు ట్రాములను తప్పించుకు తిరిగేవారన్న ఎగతాళి పేరు వచ్చింది. అక్కడి బేస్‌బాల్ జట్టుకు డాడ్జర్స్, అంటే తప్పించుకునేవారు, అన్న పేరు అలా స్థిరపడి, 1958లో జట్టు లాస్ ఏంజెలెస్‌కు మారినా పోలేదు. రైలింజను ముందు ఉండేదానికి వేరే పేర్లున్నాయి. మన రైల్వేలో దానిని క్యాటిల్ గార్డ్ అంటారు.

గుర్రపు జీనులోనూ ఫెండర్ ఉంటుందా?

అమెరికా పశువుల కాపరులు వాడే జీనులో ఉంటుంది. రౌతు కాలికీ గుర్రం డొక్కకూ మధ్య రికాబు పట్టీకి వెడల్పాటి తోలు పలక ఉంటుంది, అదే ఫెండర్. గుర్రం చెమట అంటకుండా, పట్టీ కాలిని ఒరవకుండా కాపాడుతుంది.

గిటార్ల మీద ఉండే ఫెండర్ అనే పేరుకు ఈ అర్థాలలో దేనితో సంబంధం?

ఈ వస్తువులలో దేనితోనూ లేదు. అది మనిషి ఇంటిపేరు. 1909లో కాలిఫోర్నియాలో పుట్టిన క్లారెన్స్ లియోనిడాస్ ఫెండర్ అనే రేడియో మెకానిక్ 1946లో ఫుల్లర్టన్ పట్టణంలో ఆ పేరుతో సంస్థ పెట్టాడు. 1951లో టెలికాస్టర్ అన్న పేరు స్థిరపడిన గిటారు, అదే ఏడాది ప్రెసిషన్ బాస్, 1954లో స్ట్రాటోకాస్టర్ అక్కడి నుంచి వచ్చాయి. 1965లో సంస్థను అమెరికా ప్రసార సంస్థ సీబీఎస్ 1.3 కోట్ల డాలర్లకు కొన్నది. 1985లో అందులో పనిచేసేవారి బృందం దానిని తిరిగి కొనుక్కుంది. లియో ఫెండర్‌కు గిటారు వాయించడం రాదు. గిటారు చెక్క గీసుకుపోకుండా తీగల కింద బిగించే పలకను ఫెండర్ అని కొందరు పొరబడతారు, దాని పేరు పిక్‌గార్డ్.

పాత క్రికెట్ రికార్డుల్లో కనిపించే ఫెండర్ ఎవరు?

పెర్సీ ఫెండర్, ఇంగ్లండు తరఫున 13 టెస్టులు ఆడిన ఆల్‌రౌండర్, సర్రే జట్టు నాయకుడు. 1920 ఆగస్టులో నార్తాంప్టన్‌షైర్ మీద 35 నిమిషాల్లో శతకం చేశాడు. 1983లో స్టీవ్ ఓషాగ్నెస్సీ అంతే సమయంలో వంద కొట్టాడు కానీ, ఎదుటి జట్టు డిక్లరేషన్ కోసం కావాలని తేలిక బంతులు వేసిన ఆటలో కొట్టాడు. అందుకే గణాంకాల అభిమానులు ఇప్పటికీ 1920 నాటి ఇన్నింగ్సునే ముందు చెబుతారు.